ముందుకు జరిగిన సీటు

ఏప్రిల్ నెల మొదటి శనివారం యాంతినా బకెట్లు, పాత గుడ్డలు, వెనిగర్ సీసా కారులో పడేసి, మొగుడు లమ్మెర్ట్‌ని తొందరపెట్టి ఎగ్బెర్ట్ గారి పాడిక్షేత్రానికి బయలుదేరదీసింది. చలికాలమంతా వాళ్ళ మోటార్‌హోమ్ అక్కడి పెద్ద కొట్టంలోనే ఉంటుంది. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ లోపలే ఉన్న బండి. లమ్మెర్ట్ బస్సు డ్రైవరుగా రిటైరైన ఏడాది కొన్నారు. ఆకులు రాలే రోజుల్లో లోపల పెట్టడం, ట్యూలిప్పులు పూసే రోజుల్లో బయటికి తీయడం, వేసవంతా ఎటో ఒకవైపు పోతూ ఉండడం, అదే ఇప్పుడు వాళ్ళ సంసారం.

"ఈసారి బ్యాటరీ గొడవ ఉండదులే. ప్రతి బుధవారం వచ్చి చూసుకున్నాగా," అన్నాడు లమ్మెర్ట్ దారిలో.

"చూసుకున్నావు, చూసుకున్నావు," అంది యాంతినా కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆమె మనసులో ఆ బుధవారాలు చలికాలమంతా నలుగుతూనే ఉన్నాయి. బ్యాటరీకి వైరు తగిలించి రావడానికి ఓ మధ్యాహ్నమంతా ఎందుకు పడుతుంది? ఇంటికొచ్చీ రాగానే భార్య మొహం కూడా చూడకుండా స్నానాల గదిలోకి దూరి పళ్ళెందుకు తోముకుంటాడు? అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని ఆమె భయం. నలభై ఏళ్ళ కాపురంలో అతను అబద్ధం సరిగ్గా చెప్పిన రోజు లేదు. చెప్పినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి.

వాళ్ళు వెళ్ళేసరికి ఎగ్బెర్ట్ కొట్టం తలుపులు తీసి ఉన్నాయి. రుమేనియా నుంచి వచ్చిన పాలేరు డోరు, ముందు వరసలో అడ్డంగా ఉన్న పడవనీ, ఇంకెవరిదో, కారుకి తగిలించి లాక్కెళ్ళే కారవాన్‌నీ ట్రాక్టరుతో ఒక్కొక్కటే బయటికి లాగుతున్నాడు. డోరు బాగా పొడగరి. ట్రాక్టరు మీద కూర్చుంటే మోకాళ్ళు పొట్టదాకా వస్తాయి. లమ్మెర్ట్ వాళ్ళ బండి అందరికంటే వెనక, పశువుల కొట్టానికి ఆనుకున్న గోడ దగ్గర ఉంది. అవతల ఆవులుంటాయి కాబట్టి మంచు కురిసే రోజుల్లో కూడా ఆ మూల గోరువెచ్చగానే ఉంటుంది.

యాంతినా తలుపు తీసి లోపల అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది.

చలికాలానికి బండిని సర్దిపెట్టడంలో ఆమెకో పద్ధతుంది. చెమ్మ పట్టకుండా మెత్తలన్నీ నిలబెడుతుంది. ఫ్రిజ్ తలుపు మూసుకుపోకుండా గుడ్డ మడిచి పెడుతుంది. నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా కుళాయిలన్నీ తెరిచి వదిలేస్తుంది. కప్పులు బోర్లిస్తుంది. ఇప్పుడు చూస్తే కుళాయిలు తెరిచే ఉన్నాయి, ఫ్రిజ్ గుడ్డా అలాగే ఉంది. కానీ బల్ల దగ్గర మెత్త ఒకటి పరిచి ఉంది. దాని మధ్యలో ఎవరో రోజూ కూర్చున్నట్టు గుంట పడింది. ఆ పక్క కర్టెను మూసి ఉంది. ఆమె నీలం కప్పు ఒక్కటే కడిగి, వెల్లకిలా పెట్టి ఉంది. ఎక్కడినుంచో పిప్పరమెంటు వాసన. వాళ్ళిద్దరిలో ఎవరూ పిప్పరమెంట్లు తినరు.

"అబ్బా!" అని అరిచాడు లమ్మెర్ట్ ముందునుంచి. స్టీరింగు ముందు కూర్చోబోయి మోకాలు కొట్టుకున్నాడు. "ఈ సీటు ఇంత ముందుకెవడు జరిపాడు?"

"నేనూ అదే అడుగుతున్నా. ఎవరు జరిపారు?"

"నాకేం తెలుసు?"

"ప్రతి బుధవారం వచ్చింది నువ్వేగా."

"వచ్చాను. కానీ లోపలికి... వైరు బయటినుంచే కదా తగిలించేది."

"ఏమయ్యా, జనవరిలో ఏమన్నావు? 'లోపలంతా చూశాను, ఒక్క చుక్క చెమ్మ లేదు' అనలేదూ?"

లమ్మెర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూసి యాంతినా దగ్గరికొచ్చింది.

"ఎవరావిడ?" అంది గొంతు తగ్గించి.

"ఏ ఆవిడ?"

"పొట్టికాళ్ళ ఆవిడ. ఈ సీట్లో కూర్చున్నావిడ."

"నీకేమైనా మతిపోయిందా? ఈ వయసులో నాకు ఆవిడేమిటి? ఒక్క నిమిషం, అసలు సంగతి నేను తేలుస్తా," అంటూ లమ్మెర్ట్ బండి దిగి కేకలు పెట్టాడు. "ఎగ్బెర్ట్! ఓ ఎగ్బెర్ట్! మీ వాడెవడో మా బండిలో కాపురం పెట్టాడయ్యా!"

ఎగ్బెర్ట్ పాలగది లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మాటకి ముందు కనుబొమలు ముడేసే మనిషి. బండిలోకి తొంగిచూసి, మెత్తా కప్పూ చూసి, గడప మీంచే వెనక్కి తిరిగాడు.

"డోరూ! ఇలా రా."

డోరు ట్రాక్టరు ఆపి వచ్చాడు.

"ఈ బండిలో పడుకుంటున్నావా నువ్వు?"

"లేదు."

"మరి కూర్చుంటున్నావా? ఎవరినైనా తెచ్చి కూర్చోబెడుతున్నావా?"

"నాకు గది ఉంది. హీటరు ఉంది. ఇందులోకి నేనెందుకు వస్తాను?"

"కొట్టం తాళం నా దగ్గరొకటి, నీ దగ్గరొకటి. నేను కాదు. ఇంకెవడు మిగిలాడు? నువ్వే చెప్పు."

ఒక్క క్షణం డోరు చూపు వాకిలి దాటి ఎగ్బెర్ట్ ఇంటి వంటింటి కిటికీ మీదికి పోయి, మళ్ళీ నేలమీదికి వచ్చింది. తర్వాత జేబులోంచి గుత్తి తీసి, కొట్టం తాళంచెవి దాన్నుంచి తప్పించి, ట్రాక్టరు చక్రం పైరేకు మీద పెట్టాడు. ఎగ్బెర్ట్ దాన్ని తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"చూశావా, నేను చెప్పలా?" అన్నాడు లమ్మెర్ట్, భార్యవైపు తిరిగి. గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు.

యాంతినా ఆ ఊపిరినీ చూసింది, డోరు చూపునీ చూసింది. డోరు కాళ్ళనీ చూసింది. లమ్మెర్ట్ కంటే జానెడు పొడుగు. ఆ సీట్లో అతను కూర్చోవాలంటే కాళ్ళు విరిచి కూర్చోవాలి. పైగా బండి తాళంచెవులు ఎగ్బెర్ట్ ఇంట్లో, వంటింటి మేకులకి వేలాడుతుంటాయి. ఇదంతా ఆమెకి ఆ నిమిషంలోనే తట్టింది. నోరు విప్పి ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. డోరు కాదని తేలితే వేలు తన మొగుడి మీదికే తిరుగుతుంది. ఆ సంగతి నలుగురిలో తేలడం ఆమెకిష్టం లేదు. ముందు తనకి తెలియాలి.

ఇంతలో ఎగ్బెర్ట్ భార్య హిల్లీ కాఫీ ఫ్లాస్కూ, కోసిన మసాలా రొట్టే పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ రబ్బరు బూట్లతోనే కనిపించే మనిషి. "ఏమైంది, అరుస్తున్నారు?" అంది.

"డోరు గారు ఈ బండిలో విడిది చేస్తున్నారట చలికాలమంతా," అన్నాడు ఎగ్బెర్ట్ వెటకారంగా.

హిల్లీ పళ్ళెం ఒరిగి ఓ రొట్టెముక్క కిందపడింది. వంగి తీసి, మట్టి ఊది, ఏం చెయ్యాలో తెలియక తన జేబులోనే పెట్టుకుంది. మగవాళ్ళు కాఫీ తీసుకుని టైర్లు చూడ్డానికి వెనక్కి పోయారు. డోరు కాఫీ తీసుకోలేదు.

"యాంతినా గారూ, తుడవడానికి నేనూ ఓ చెయ్యి వేస్తా," అంది హిల్లీ.

"రా మరి," అంది యాంతినా.

ఇద్దరూ బండెక్కి గుడ్డలు తడిపి పనిలో పడ్డారు. కాసేపటికి యాంతినా సింకు పైనున్న అర తలుపు లాగింది. చెమ్మకి బిగుసుకుపోయి రాలేదు. మళ్ళీ లాగింది.

"అలా కాదండీ, కింద నొక్కి కాస్త పైకెత్తాలి, అప్పుడొస్తుంది," అంటూ హిల్లీ చెయ్యి చాపి, నొక్కి, ఎత్తింది. తలుపు సులువుగా తెరుచుకుంది.

యాంతినా ఆమెవైపు తిరిగింది. హిల్లీ బుగ్గలో ఏదో బిళ్ళ ఉంది. పిప్పరమెంటు.

బుధవారాలు, ఎర్రబడిన చెవులు, పళ్ళు తోముకోవడం, పొట్టికాళ్ళు, అన్నీ ఒక్కసారిగా యాంతినా తలలో కలిసిపోయాయి. వెళ్ళి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"నువ్వా? నువ్వూ, మా ఆయనా?"

హిల్లీ నవ్వింది. పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆ మెత్త మీద కూలబడి, గుడ్డతో కళ్ళొత్తుకుంది.

"మీ ఆయనా? మీ ఆయన బుధవారమొస్తే మా ఆయనతో పాలగదిలో కూర్చుని చుట్టలు కాలుస్తాడండీ! గుండెకి ఆపరేషనైంది, ఇంట్లో తెలిస్తే చంపేస్తుంది, నోరు జారకు అని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నాడు."

యాంతినా వచ్చి ఎదుటి సీట్లో కూర్చుంది. మొగుడు చుట్ట కాలుస్తున్నాడని తెలిసి ఇంత హాయిగా అనిపిస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"మరి ఇక్కడ కూర్చున్నది?"

"నేనే."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు. నాతో నేనే." హిల్లీ చేతిలో గుడ్డని పిండింది. "పొద్దున పాలు పితకాలి, సాయంత్రం పితకాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే. మా అక్క పోయినప్పుడు కూడా పూడ్చిపెట్టి సాయంత్రానికి తిరిగొచ్చేశాం. మధ్యాహ్నం భోంచేసి ఆయన కునుకు తీస్తాడు. డిసెంబరులో ఓ రోజు పైకప్పు కారుతోందేమోనని మీ బండి చూడ్డానికొచ్చా. ఇదిగో, ఈ అరలో మీ మ్యాపు కనిపించింది. మీరు పెన్సిలుతో గీతలు గీసుకున్నారుగా, నార్వే దాకా. కాసేపు చూద్దామని కూర్చున్నా. మర్నాడూ వచ్చా. తర్వాత ముందు సీట్లో కూర్చోవడం మొదలైంది. స్టీరింగు పట్టుకుని, గీత వెంటే... ఇప్పుడీ ఊరు దాటాను, ఇప్పుడు వంతెనొచ్చింది, ఇప్పుడు బండిని పెద్ద పడవలోకి ఎక్కించాలి..." ఆగింది. "మీకు నవ్వుగా ఉంటుంది."

యాంతినాకి నవ్వు రాలేదు. "అక్కడ డోరుని దొంగని చేస్తుంటే చూస్తూ నిలబడ్డావే!"

"నోరు రాలేదండీ. ఆయన నలుగురిలో నవ్వుతాడని."

"లే. ఇప్పుడే వెళ్ళి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

ఆ మాట అన్నాక యాంతినాకి తన నోరు కూడా రాని సంగతి గుర్తొచ్చింది. అయినా బండి దిగి హిల్లీ వెనకే నడిచింది.

హిల్లీ మగవాళ్ళ ముందు నిలబడి, ఎగ్బెర్ట్ బూట్లవైపు చూస్తూ చెప్పింది. డోరు కాదు, నేను. మధ్యాహ్నాలు కూర్చునేదాన్ని. ఊరికే.

ఎగ్బెర్ట్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఊరికేనా?"

"ఊరికే."

"కర్టెన్లు మూసుకుని?"

"ఎవరైనా చూస్తే సిగ్గని."

"ఎవరితో?"

"ఒక్కదాన్నే అంటున్నాగా."

ఎగ్బెర్ట్ కనుబొమలు ముడిపడ్డాయి. మెల్లగా డోరువైపు తిరిగాడు. "అందుకేనా వీడు ఇందాక నోరు మెదపంది? అందుకేనా ఇంటివైపు చూసింది? నాకు కళ్ళు లేవనుకున్నారా?"

లమ్మెర్ట్ గొంతు సవరించుకున్నాడు. "ఎగ్బెర్ట్, ఊరుకో. ఏం మాటలవి?"

డోరు మొహం కందిపోయింది. వచ్చిన భాషలోనే ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. "నేను చూశాను. ఒకసారి. గడ్డి కోసం వచ్చినప్పుడు. ముందు అద్దంలోంచి. అమ్మగారు ఒక్కరే. స్టీరింగు పట్టుకుని ఉన్నారు. కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను చూడకూడనిది చూసినట్టు అనిపించింది. వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు. అది మీ ఇంటి విషయం."

"బాగా చెప్పావు," అన్నాడు ఎగ్బెర్ట్. ఆ 'బాగా'లో నమ్మకం ఇసుమంత కూడా లేదు.

హిల్లీ తల ఎత్తింది. ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషిని మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత యాంతినావైపు తిరిగి, మామూలు గొంతుతోనే, "బండి బయటికి తియ్యాలి కదండీ?" అంది.

"తియ్యాలి," అంది యాంతినా.

హిల్లీ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. లమ్మెర్ట్ ఆ సీటుని ఇంకా వెనక్కి జరపలేదు. యాంతినా ఏదో తోచి, పరుగున వెళ్ళి పక్కసీటు ఎక్కింది. హిల్లీ బండికే ఉన్న తాళంచెవి తిప్పగానే ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది.

"ఆ, నిదానంగా! అద్దాలు చూసుకో, ఎడమ పక్క స్తంభముంది," అంటూ లమ్మెర్ట్ చేతులు ఊపుతూ వెనక్కి నడిచాడు. బండి కొట్టం లోంచి, ఏమీ తగలకుండా, చక్కగా బయటికొచ్చింది. వాకిట్లో ఆగాలి. ఆగలేదు. పాలగది దాటింది, పేడగుంట దాటింది, చెట్ల మధ్య బాట పట్టి రోడ్డు మీదికెక్కి కుడికి తిరిగింది.

"టైర్లలో గాలి చూడలేదు!" అని లమ్మెర్ట్ అరుస్తూ కొంతదూరం పరిగెత్తాడు.

లోపల సొరుగులు తెరుచుకుని, చెంచాలు గలగలమంటున్నాయి. బకెట్టు దొర్లి నీళ్ళు కాళ్ళకిందికి వచ్చాయి. యాంతినా రెండు చేతులా సీటు పట్టుకుంది.

"ఎక్కడికి, హిల్లీ?"

"తెలీదండీ. పాలు పితికే వేళకి అందనంత దూరం."

ఊళ్ళు దాటారు. హిల్లీ మలుపుల దగ్గర పెదాలు బిగబట్టి నడుపుతోంది కానీ తప్పు చెయ్యలేదు. ఉత్తరానికి పోగా పోగా సముద్రపు గట్టు వచ్చింది. గట్టుకింద బండి ఆపి ఇద్దరూ గొర్రెల మధ్యనుంచి పైకెక్కారు. ఆటు సమయం. నీళ్ళు ఎక్కడో దూరంగా వెనక్కి పోయి, కంటికందినంత మేర బురద మెరుస్తోంది. గాలి మాట వినిపించనంతగా వీస్తోంది.

చాలాసేపు కూర్చున్నారు. యాంతినా మసాలా రొట్టె ఉందా అని అడిగితే హిల్లీ జేబులోంచి ఆ మట్టిముక్క తీసింది. దాన్నే చెరిసగం తిన్నారు.

"పొదుగులు బరువెక్కి ఉంటాయి ఇప్పటికి," అంది హిల్లీ ఉన్నట్టుండి. ఆమె వేళ్ళు ఒడిలో వాటంతటవే కదులుతున్నాయి. "అరుస్తూ ఉంటాయి."

యాంతినా ఫోను మోగింది. లమ్మెర్ట్.

"ఎక్కడున్నారే? కొంప ముంచారు! ఎగ్బెర్ట్ అడగమంటున్నాడు... అదీ... మీరిద్దరేనా అని."

"మేమిద్దరమూ, ఓ రెండొందల గొర్రెలూ అని చెప్పు," అని ఫోను పెట్టేసింది యాంతినా.

చీకటి పడకముందే తిరిగొచ్చారు. డోరూ లమ్మెర్టూ కలిసి పాలు పితికేశారు. లమ్మెర్ట్ ప్యాంటు నిండా పేడ. ఎగ్బెర్ట్ వంటింట్లోంచి వచ్చాడు. భార్యని పలకరించలేదు. తిన్నగా బండెక్కి, మంచం కిందికి వంగి చూశాడు. స్నానాల గది తలుపు తీసి చూశాడు. దిగి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయాడు.

మర్నాడు ఎగ్బెర్ట్ కొట్టం తాళంచెవి తిరిగి ఇవ్వబోతే డోరు తీసుకోలేదు. యాంతినా ప్రత్యేకంగా అతని గదికి వెళ్ళి, మా ఆయన తొందరపడి నోరు జారాడు, మనసులో పెట్టుకోకు అంది.

"ఆయన సరే," అన్నాడు డోరు. "మీరు నా కాళ్ళు చూశారు. మీరు చూడడం నేను చూశాను."

గడ్డి మొదటి కోతకి ముందే డోరు వేరే క్షేత్రంలో పనికి చేరిపోయాడు.

లమ్మెర్ట్ చుట్టల సంగతి ఇంట్లో పెద్ద గొడవై చల్లారింది. జూన్‌లో యాంతినా అతనితో కచ్చితంగా చెప్పేసింది, ఈసారి ప్రయాణంలో హిల్లీ కూడా వస్తుందని. ఎగ్బెర్ట్ వద్దనలేదు, సరే అనలేదు. పాలు పితకడానికి ఇంకో మనిషిని కుదుర్చుకున్నాడు. హిల్లీ ఓ చిన్న సంచి సర్దుకుని, శుక్రవారానికల్లా తిరిగొస్తానని ఎగ్బెర్ట్‌కి చెప్పి, రబ్బరు బూట్లు ఇంట్లో వదిలి బండెక్కింది.

దారిలో రోజూ సాయంత్రం ఎగ్బెర్ట్ ఫోను చేసేవాడు. భార్యకి కాదు, లమ్మెర్ట్‌కి. డెన్మార్కులో సముద్రం పక్కన బండి ఆపిన రోజు కూడా చేశాడు.

"పక్క బండిలో ఎవరున్నారు?"

"ముసలి జర్మను దంపతులయ్యా."

"ఆయన వయసెంతుంటుంది?"

"నీకేమైనా..."

హిల్లీ మడతకుర్చీలోంచి లేచొచ్చి ఫోను తీసుకుంది. "ఎగ్బెర్ట్, ఆవులెలా ఉన్నాయి?"

"నల్లది ఈనింది," అన్నాడు.

"పెయ్యా, కోడెదూడా?"

"పెయ్య."

"నిలబడిందా?"

"నిలబడింది. పాలు తాగింది." అంతలో అతని గొంతు మారింది. "నువ్వు వస్తావుగా, హిల్లీ?"

హిల్లీ సముద్రంవైపు చూసింది. దూరంగా నార్వే వెళ్ళే పెద్ద పడవ రేవు వదిలి కదులుతోంది. తెల్లగా, అంతస్తులు అంతస్తులుగా ఉంది. అది చిన్నదయ్యేదాకా చూస్తూ నిలబడింది.

"వస్తాను. శుక్రవారం కాదు, ఆదివారం," అని చెప్పి, ఫోను లమ్మెర్ట్ చేతికిచ్చేసింది.